కెప్టెన్ గారి కారులో పోసిన నీళ్ళు

అమ్ములూ, చంటీ,

నలభై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూస్తే చాలా చిన్నది. ఒక్క "అవును". దాన్ని ఎక్కడ దించాలో తెలియక ఇంతకాలం తిరిగాను. దేవుడి దగ్గర దించుదామని చూశాను, కుదరలేదు. దేవుడికి చెప్పడం తేలిక, ఆయన ఎదురు ప్రశ్న వెయ్యడు. మీ తాతయ్య ఉన్నన్నాళ్ళు ఆయనకు చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. మీ అమ్మకు చెబుదామంటే, అది ఒక చేత్తో కూర కలుపుతూ వింటుంది, సగం విని "పోనీలే అమ్మా, ఎప్పటి సంగతో" అనేస్తుంది. ఆ పోనీలే నాకు వద్దు.

అందుకే మీకు రాస్తున్నాను. ఒకరు గువాహటిలో, ఒకరు మస్కట్‌లో. నా ముఖం మీకు కనిపించదు, మీ ముఖాలు నాకు కనిపించవు. ఈ ఒక్కసారికి ఆ దూరం నాకు సాయంగా ఉంది. ఫోన్లో అయితే చెప్పలేను. ఎప్పుడు మాట్లాడినా "కాస్త గట్టిగా చెప్పు అమ్మమ్మా" అంటారు మీరు. ఇది గట్టిగా చెప్పగలిగే మాట కాదు.

మీరు పుట్టేసరికే తాతయ్య తన మెకానిక్ షెడ్డు మూసేశారు. అది వన్‌టౌన్‌లో, హార్బరు గోడకు కాస్త ఇవతల ఉండేది. ముందు షెడ్డు, వెనక మా రెండు గదులు, మధ్యలో బావి. ఆ బావి ఎండాకాలంలో కూడా ఎండేది కాదు. కానీ సముద్రం అంత దగ్గర కదా, నీళ్ళు ఉప్పు. బట్టలకు సబ్బు రుద్దితే నురగ వచ్చేది కాదు. పప్పు పొయ్యి మీద పెడితే మధ్యాహ్నం దాకా ఉడికినా ఏ గింజకు ఆ గింజే. తాగడానికీ వండడానికీ వీధి కుళాయి ఒక్కటే దిక్కు. అది రోజు విడిచి రోజు, పొద్దున్న గంటసేపు. నాలుగు బిందెలు దొరికితే ఆ రోజుకి నేను మహారాణిని.

మా సందు చివర మస్తాన్ అన్నయ్య దుకాణం. రేడియేటర్లు బాగుచేసేవాడు. ఇంజను వేడెక్కకుండా దాని చుట్టూ నీళ్ళు తిరుగుతాయి. ఆ నీళ్ళను చల్లబరిచే పెట్టే రేడియేటర్. ఆయన తండ్రీ తాతా ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత పూసేవాళ్ళు, కళాయి పని. ఈయన అదే చేతివాటంతో రేడియేటర్లలోకి వచ్చాడు. చిల్లికి తగరం కరిగించి మాటు పెడితే ఎక్కడ పెట్టాడో వేలితో తడిమి చూసినా తెలిసేది కాదు. తాతయ్యా, ఆయనా ఒకరినొకరు బావ అని పిలుచుకునేవారు. మా వైపు స్నేహితులు అలా పిలుచుకోవడం మామూలే. కానీ మస్తాన్ అన్నయ్య ఆ వరసను సగంలో వదిలేసే మనిషి కాదు. బావ పెళ్ళాం చెల్లెలే కదా అని నన్ను "సెల్లెమ్మా" అనేవాడు. మీ అమ్మ పుట్టినప్పుడు మేనమామ తేవాల్సిన ఉయ్యాల ఆయనే తెచ్చాడు, ఇనప చువ్వలు వంచి తనే చేసి. సొంత అన్నదమ్ములు లేని దాన్ని నేను. ఆ ఉయ్యాల చూసి ఏడ్చాను.

ఇంత చెప్పాక మిగతాది చెప్పడం ఇంకా కష్టం. కానీ ఇది చెప్పకపోతే నేను ఎవరికి ఏం చేశానో మీకు తెలియదు.

ఎనభైల మొదట్లో అనుకుంటాను. స్టీల్ ప్లాంటు కట్టడం జోరుగా సాగుతున్న రోజులు. మట్టి మోసే టిప్పర్లు రోజంతా తిరిగేవి. ఓడల్లో పనిచేసి రిటైరైన కెప్టెన్ గారు ఒకరు తాతయ్య దగ్గరికి వచ్చేవారు. ఆయనకు ఒక స్పోర్ట్స్ కారు. పైకప్పు లేని రెండు సీట్ల విదేశీ బండి, ముదురాకుపచ్చ రంగు. మా సందులోకి వచ్చిందంటే వంటలు ఆపి మరీ చూసేవాళ్ళం. పాపం, చలిదేశంలో పుట్టిన బండి. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నాజూగ్గా వెళ్ళేది. ఎండెక్కాక భీమిలి దాకా వెళ్ళి వద్దామంటే మాత్రం వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటేది, బోనెట్ సందుల్లోంచి ఆవిరి. ఆయన రోడ్డు పక్కన నిలబడి సిగరెట్ కాలుస్తుంటే, బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి "కెప్టెన్ గారు టీ కాస్తన్నార్రా" అని అరిచేవారట. ఆయనే చెప్పి నవ్వేవారు.

దానికి మందు వెయ్యాలని తాతయ్యా మస్తాన్ అన్నయ్యా కూర్చున్నారు. నెల రోజులు పట్టింది. రేడియేటర్ లోపల నీళ్ళు దిగే గొట్టాలు రెండు వరసలు ఉండేవి. అదే పెట్టెలో నాలుగు వరసలు పట్టించాలి. పట్టాలంటే గొట్టాలు బాగా సన్నంగా ఉండాలి. పలచటి ఇత్తడి రేకును చప్పటగా వంచి, లోపల గోరు దూరేంత సందు ఉంచి, ఒక్కొక్కటీ మస్తాన్ అన్నయ్యే చేశాడు. తాతయ్య బ్యాటరీతో తిరిగే ఫ్యాను ఒకటి ఎక్కడో సంపాదించి బిగించారు. గాలి పక్కలకి పోకుండా రేకు తొడుగు వేశారు. బండి సందులో గంటసేపు స్టార్ట్ చేసి ఉంచితే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఇద్దరూ పిల్లల్లా చేతులు కలుపుకున్నారు.

ఆ రోజే మస్తాన్ అన్నయ్య నన్ను బావి దగ్గరకు పిలిచి చెప్పాడు. "సెల్లెమ్మా, ఈ గొట్టాలు సన్నం. మీ బావినీళ్ళు పోసినావంటే మూడు నెలల్లో మూసుకుపోతాయి. కుళాయి నీళ్ళే. కాసి, సల్లార్చి, బట్టలో వడగట్టి కేన్లో ఉంచు. బావకి సెప్తే మర్సిపోతాడు, నువ్వైతే మరవ్వు."

ఇంకొకటీ చెప్పాడు. మాటు అతుక్కోవడానికి ముందు యాసిడ్ రాస్తారు. అది గొట్టాల్లో ఎక్కడైనా మిగిలితే తెల్లగా ఉప్పులా పేరుకుంటుంది. అందుకని మొదటి మూడు నెలలు ప్రతి శనివారం పాత నీళ్ళు వదిలేసి కొత్త నీళ్ళు పొయ్యాలి. అంటే వారానికి ఒక పెద్ద కేను. నాకు రెండు బిందెల లెక్క.

మొదటి నాలుగు వారాలు సరిగ్గా చేశాను. ఆ సంగతి కూడా రాయనివ్వండి. చేశాను.

ఐదో వారం తాతయ్య అక్కగారు భర్తతో వచ్చారు. మంచి మనిషే, నోరు మాత్రం ఊరుకోదు. అంతకుముందు వచ్చినప్పుడు పప్పు ఉడకలేదు. ఈసారి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "ఏటే మరదలా, ఈసారైనా పప్పు పెడతావా, గులకరాళ్ళేనా? మా ఆయనకి ఉన్నవే నాలుగు పళ్ళు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపలికి వెళ్ళి కేను వైపు చూశాను. కాచి, వడగట్టి, శనివారానికి సిద్ధంగా ఉన్న నీళ్ళు. కుళాయి మళ్ళీ రావడం ఎల్లుండి.

ఆ నీళ్ళతో పప్పు వండాను. వెన్నలా ఉడికింది. కేను బావినీళ్ళతో నింపాను. కాచనైనా కాచలేదు.

ఒక్కసారికి ఏమవుతుంది అనుకున్నాను. నిజమే, ఒక్కసారికి ఏమీ కాలేదు. తాతయ్య పోశారు, కెప్టెన్ గారు వెళ్ళారు, మళ్ళీ శనివారం నవ్వుతూ వచ్చారు. ఏమీ కాలేదు కదా అని మళ్ళీ వారం కూడా అదే చేశాను. ఆ తర్వాత చుట్టాలు లేరు, పప్పు లేదు, అయినా అదే చేశాను. రెండు బిందెలు మిగులుతున్నాయి. ఆ సుఖం మరిగాను.

సుఖం ఒక్కటేనా? ఇక్కడే నన్ను నేను చాలాసార్లు పట్టుకున్నాను. మీ అమ్మకు అప్పుడు నాలుగేళ్ళు, కుళాయి దగ్గర వరసలో నా కొంగు పట్టుకుని నిలబడేది, దానికి స్నానం ఉప్పునీళ్ళతో, జుట్టు పీచులా అయ్యేది, ఈ కారుకేమో కాచి చల్లార్చిన నీళ్ళు. తాతయ్య ఆ బండి బోనెట్ లోపలికి తొంగిచూసినంత ప్రేమగా మా వైపు చూసి ఎన్నాళ్ళయిందో. నాకు కోపం ఉందా ఆ కారు మీద? ఉండే ఉంటుంది. బావి చేద లాగుతున్నప్పుడు "తాగు, నువ్వూ ఇవే తాగు" అని ఒకసారి పైకే అన్నట్టు గుర్తు. అంటే తెలిసే చేశానా? బద్ధకంతో చేశాను అని చెప్పుకుంటే కాస్త తక్కువగా గుచ్చుకుంటుంది. రెండూ ఉన్నాయి. ఏది ఎంత అనేది ఇప్పటికీ విడదీయలేను.

మధ్యలో ఒకసారి ఆగే అవకాశం కూడా వచ్చింది. భోజనం చేస్తూ తాతయ్య, "ముల్లు ఈమధ్య కొంచెం పైకి లేస్తోంది, ఎండలకేమో" అన్నారు. ఆ వారం కుళాయి నీళ్ళు కాచి పోశాను. దాంతో పాపం కడుక్కుపోయిందనుకున్నాను. మరుసటి వారం కుళాయి రాలేదు. మళ్ళీ బావే.

ఇదంతా ఒక కారుతో పోయే సంగతి అయితే ఇన్నేళ్ళు మోసేదాన్ని కాదేమో. కెప్టెన్ గారి స్నేహితుడు ఒక కాంట్రాక్టరు ఉండేవారు. స్టీల్ ప్లాంటు పనుల్లో ఆయనవి చాలా టిప్పర్లు. అన్నీ ఎండకి ఉడికిపోయి రోడ్డు పక్కన ఆగిపోతున్నాయి. ఆయన కారును చూసి ఒక మాట అన్నారు. వేసవిలో, ఇద్దరు మనుషులతో, సింహాచలం ఘాట్ రోడ్డు ఆగకుండా ఎక్కి చూపిస్తే, తన టిప్పర్లన్నిటికీ మస్తాన్ చేతే రేడియేటర్లు కట్టిస్తానని. మస్తాన్ అన్నయ్య ఆ రోజు నేల మీద నడవలేదు. దుకాణం పక్క ఖాళీ స్థలం కూడా అడిగి ఉంచాడు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పుతానని, రెండు కొలిములు పెడతానని చెప్పాడు. చెబుతున్నప్పుడు నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. కేనులో ఏ నీళ్ళున్నాయో నాకు తెలుసు. తల ఎత్తలేదు.

మే నెలలో ఒక పొద్దున వెళ్ళారు. కారులో కెప్టెన్ గారు, కాంట్రాక్టరు. వెనక స్కూటరు మీద తాతయ్య, మస్తాన్ అన్నయ్య. నేను చూడలేదు, తాతయ్య చెప్పిందే రాస్తున్నాను. సగం కొండ బాగానే ఎక్కింది. తర్వాత ముల్లు లేచింది, బోనెట్‌లోంచి ఆవిరి మొదలైంది. ఆపమని వెనక నుంచి వీళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు. కెప్టెన్ గారు ఆపలేదు, ఇంకో రెండు మలుపులే కదా అని ఇంకా తొక్కారు. ఆ తొక్కుడుకు ఇంజను హెడ్డు పగిలింది. ఆయన ఆపి ఉంటే ఇంజను బతికేది. ఆ తప్పు ఆయనది, నాది కాదు అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ ముల్లు లేచింది ఆయన వల్ల కాదు కదా. మస్తాన్ అన్నయ్య పరుగెత్తి వెళ్ళి గోనెపట్టా వేసి రేడియేటర్ మూత తిప్పబోయాడు. ఆవిరి తన్ని కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది.

మర్నాడు షెడ్డులో రేడియేటర్ పైభాగం విప్పారు. గొట్టాల మూతుల నిండా తెల్లటి పెచ్చు. సున్నం కొట్టినట్టు. తాతయ్య లోపలికి వచ్చి చెప్పి, ఒక్క గుక్కలో చెంబెడు నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళిపోయారు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదేమో. కాసేపటికి మస్తాన్ అన్నయ్య పెరటి వైపు నుంచి వచ్చాడు. ఒక్కడే. చేతికి గుడ్డ చుట్టి ఉంది. ఆ రోజు మా మధ్య జరిగిన మాటల్లో ఒక్కటి కూడా నేను మరచిపోలేదు.

"సెల్లెమ్మా."

"ఏటన్నయ్యా? సెయ్యెలగుంది?"

"సెయ్యికేటి, తగ్గిపోద్ది. ఒక మాటడగాల. కోపం తెచ్చుకోకు."

"అడుగు."

"శనివారం శనివారం కేన్లో నువ్వు పోసింది నాను సెప్పిన నీళ్ళే గదా? కుళాయివి, కాసినవి?"

"అవును."

"అన్నిసార్లూ?"

"అన్నిసార్లూనూ. ఏటలగడుగుతన్నావ్? నామీద నమ్మకం నేదా?"

"ఒలమ్మా, అదేటి మాట! నిన్ను నమ్మకపోతే మరెవుల్ని నమ్ముతాను? అడగాల గావట్టి అడిగినాను."

తరవాత ఆయన గుప్పిట తెరిచాడు. గోరుతో గీరి తెచ్చిన ఆ తెల్లపొడి ఎడమ అరచేతిలో ఉంది. నాలిక మీద కొంచెం వేసుకుని ఉమ్మేశాడు.

"అయితే నా సెయ్యే," అన్నాడు. "నీళ్ళు మంచివైతే మరింకేటి? యాసిడ్డే. లోపల ఉండిపోనాది. కడగడం సేతకానోడికి మాటు పనెందుకు సెప్పు."

అంతే. తిరిగి షెడ్డులోకి వెళ్ళాడు. అక్కడ కెప్టెన్ గారున్నారు, కాంట్రాక్టరున్నారు. "తప్పు నాదేనండి, యాసిడ్డు కడగడంలో వచ్చింది" అని అందరి ముందూ ఒప్పుకున్నాడు. నేను తలుపు వెనక నుంచి విన్నాను.

భయపడి అబద్ధం చెప్పడం వేరు. అది నాకు కొంచెం అర్థమవుతుంది. ఆడపడుచు నోరు, తాతయ్య కోపం, ఊరంతా "మెకానిక్ పెళ్ళాం కారుని తగలేసింది" అనడం, ఇవన్నీ ఒక్క క్షణంలో కళ్ళ ముందు తిరిగాయి. కానీ ఆ "నమ్మకం నేదా" ఎందుకన్నాను? దాని అవసరం ఏమిటి? "అవును" అని ఊరుకున్నా ఆయనకు అనుమానం మిగిలేది. ఇంకెవరినైనా అడిగేవాడు, కేను అడుగు చూసేవాడు, బావినీళ్ళు ఒక పళ్ళెంలో మరిగించి చూసేవాడు. అడిగినందుకు ఆయన్నే సిగ్గుపడేలా చేశాను. నన్ను నమ్మాలంటే ఆయనకు ఇక మిగిలింది తన చేతిని అనుమానించడమే. ఆయన అదే చేశాడు.

తాతయ్య కూడా ఆ రోజు బాగా ప్రవర్తించలేదు. కాంట్రాక్టరుతో, "మాటు పని నాది కాదండి, నేను ఫ్యాను ఒక్కటే బిగించాను" అన్నారు. భయమే అది కూడా. మస్తాన్ అన్నయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే బాగుండేది. తాతయ్య ఆయన్ని "మస్తాన్ గారూ" అనడం మొదలుపెట్టారు. ఆయనా "మేస్త్రీ గారూ" అనేవాడు. మా ఇంట్లో బావ అన్న పిలుపు మళ్ళీ వినపడలేదు. నన్ను మాత్రం సెల్లెమ్మా అనడం మానలేదు. మానేసి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

టిప్పర్ల పని వేరే వాళ్ళకు పోయింది. కారు ఎవరో కొనుక్కుని లారీ మీద తీసుకుపోయారు. వానాకాలం వచ్చేసరికి మస్తాన్ అన్నయ్య దుకాణం తాళం పడింది. ఎవరూ మూయమనలేదు. పాత గిరాకీలు వచ్చి రేడియేటర్ ఇవ్వబోతే ఆయనే వద్దనేవాడట. "పగిలిపోతే నష్టం మీకు" అనేవాడట. తాత చేసిన కళాయి పనికి తిరిగి వెళ్ళాడు. సైకిలు వెనక చిన్న కొలిమి తిత్తి, బొగ్గుల సంచి పెట్టుకుని వీధులు తిరిగేవాడు. కుటుంబాన్ని మద్దిలపాలెం వైపు మార్చాడు, మా సందులో ఉండబుద్ధి కాలేదేమో.

చెప్పడానికి ఎన్ని రోజులున్నాయో చూడండి. మొదటి వారం చెబితే దుకాణం నిలబడేది. మొదటి నెలలో చెబితే స్నేహం నిలబడేది. సంవత్సరం తర్వాతైనా ఆయన చేతులు ఆయనకు దక్కేవి. రోజులు గడిచేకొద్దీ చెప్పాల్సింది పెద్దదవుతూ వచ్చింది. నీళ్ళ సంగతికి అబద్ధం తోడైంది, దానికి తాతయ్య మాటలు తోడయ్యాయి, దానికి దుకాణం. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటారు అనే భయం మిగతా అన్నిటికన్నా పెద్దదైంది.

కొన్నేళ్ళ తర్వాత ఒక రోజు మా వీధిలో కళాయి కేక వినిపించింది. గొంతు గుర్తుపట్టాను. పిలిచాను. పెరట్లో కూర్చుని నా ఇత్తడి గిన్నెకు పూత వేశాడు. వెండిలా మెరిసింది. తర్వాత నీళ్ళు అడిగి కడగడం మొదలుపెట్టాడు. ఒకసారి. రెండుసార్లు. వాసన చూశాడు, మళ్ళీ కడిగాడు. వేలు రాసి నాలికకు అంటించుకున్నాడు, మళ్ళీ కడిగాడు. కుళాయి నీళ్ళ బిందె ఖాళీ అయింది.

"సాలన్నయ్యా," అన్నాను. "అద్దంలాగుంది గదా."

"సాలదు సెల్లెమ్మా," అన్నాడు తల ఎత్తకుండా. "నా సెయ్యి సంగతి నీకు తెలుసు గదా."

నోటి దాకా వచ్చింది, పిల్లలూ. నిజంగా వచ్చింది. నీ చెయ్యి కాదన్నయ్యా అని ఒక్క ముక్క. ఆయన వీపు నా వైపు ఉంది. పెరట్లో ఎవరూ లేరు. అంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ దొరకదని కూడా తెలుసు. నేనేం చేశానో తెలుసా? ఇంకో బిందె తెస్తానని లోపలికి వెళ్ళాను. వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడ్డాను, ఆయన సామాను సర్దుకునే చప్పుడు వినే దాకా.

తాతయ్య పోయి ఆరేళ్ళు. మస్తాన్ అన్నయ్య మొన్న చలికాలంలో పోయాడు. పరామర్శకు ఈమధ్యే వెళ్ళాను. ఆయన కూతురు జరీనా మద్దిలపాలెంలోనే ఉంటుంది. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మాటల మధ్యలో, "నాన్న ఎప్పుడూ ఒక కారు గురించే సెప్పేవోడు అత్తా," అంది. "ఎంత మంచోళ్ళ కారో పాడు సేసినాను అనేవోడు. మా తమ్ముడు నేర్సుకుంతానంటే దగ్గరికి రానీనేదు. మన సేతుల్లోనే ఏదో లోపముంది, ఇది మనతో పోవాల అనేవోడు." జరీనా దాన్ని తండ్రి చాదస్తంలా, కాస్త నవ్వుతూ చెప్పింది. తమ్ముడు గోడ దగ్గర నిలబడి వింటున్నాడు. యాభై దాటిన మనిషి. ఏదో ఆఫీసులో గేటు దగ్గర పని చేస్తున్నాడట. అతని చేతుల వైపు చూశాను. సన్నటి పొడవాటి వేళ్ళు, తండ్రివే.

ఇంటికి వచ్చి కాగితం తీశాను. మూడు రోజులు పట్టింది ఇక్కడిదాకా రావడానికి.

ఇప్పుడు రాయాల్సిన మాట రాస్తాను. మస్తాన్ అన్నయ్య కట్టిన రేడియేటర్‌లో ఏ లోపమూ లేదు. ఆయన యాసిడ్ శుభ్రంగా కడిగాడు. ఆయన మాటు ఒక్కటి కూడా విడలేదు. గొట్టాలు మూసుకుపోయింది నేను పోసిన ఉప్పునీళ్ళ వల్ల. ఆయన అడిగితే అబద్ధం చెప్పాను.

రాసేశాను. ఇంతే ఉంది. ఇంత చిన్న వాక్యాలకు ఇన్నేళ్ళు ఎలా పట్టాయో నాకు తెలియడం లేదు.

మీరు నన్ను ఓదార్చకండి. "అప్పటి పరిస్థితులు అలాంటివి అమ్మమ్మా" అని రాయకండి. ఆ వీధిలో ఇరవై కుటుంబాలకు అవే పరిస్థితులు, వాళ్ళెవరూ ఈ పని చెయ్యలేదు. క్షమించమనీ అడగడం లేదు. క్షమించాల్సిన మనిషి లేడు. ఆ క్షమ ఆయన బదులు ఇంకెవరూ ఇవ్వలేరు, మీరు అసలే ఇవ్వలేరు. అది నాకు దొరకదని ఒప్పుకున్నాక మనసు చిత్రంగా స్థిమితపడింది. ఈ మధ్యాహ్నం అన్నం తిన్నాక చాలాసేపు ఏ ఆలోచనా లేకుండా అరుగు మీద కూర్చున్నాను. చెవుల్లో ఎప్పుడూ ఉండే రొద ఒకటి ఆగినట్టు అనిపించింది. తప్పు తగ్గలేదు, దాచే పని ఒక్కటి తగ్గింది. అంత పని చేస్తున్నానని ఇప్పటిదాకా నాకే తెలియదు.

రేపు పొద్దున్న మద్దిలపాలెం వెళ్తున్నాను. జరీనాకి, ముఖ్యంగా ఆ తమ్ముడికి చెప్పాలి. వాళ్ళు ఏమంటారో తెలియదు. తలుపు వేసుకోవచ్చు. తిట్టవచ్చు. వినే హక్కు వాళ్ళది, అనే హక్కూ వాళ్ళదే. ఇందాక ఇంట్లో ఒక్కదాన్నే ఉండి రెండుసార్లు పైకి అని చూసుకున్నాను. "మీ నాన్న సెయ్యి మంచిది. తప్పు నాది." మొదటిసారి నాకే సరిగా వినపడలేదు. రెండోసారి గట్టిగానే అన్నాను.

మీ అమ్మమ్మ